నడిచినందుకు పోలేదు మా నర్సమ్మ

నర్సమ్మ పోయింది. మా వీధికి పాలు పోసే ఆయన సైకిల్ దిగకుండానే ఆ మాట చెప్పాడు. నేను అప్పుడే కుట్టుమిషన్ మీది గుడ్డ తీసి, పెళ్ళివాళ్ళ జాకెట్లు ముందేసుకుని కూర్చున్నాను. పొద్దున నడకకు పోయొచ్చి, కాళ్ళు కడుక్కుని, వాకిట్లో కుర్చీలో కూర్చున్నదట. పాలకు గిన్నె తెమ్మని పిలిస్తే పలకలేదట. అంతటితో ఆపి ఉంటే బాగుండేది. ఈ వయసులో తిరగొద్దంటే విన్నదా, తిరిగి తిరిగి పోయింది అని కూడా కలిపి వెళ్ళాడు. చావు కబురూ, దానికి కారణమూ, దాని మీద తీర్పూ, మూడూ ఒకే సైకిల్ మీద వచ్చాయి.

మధ్యాహ్నానికి వీధి వీధంతా అదే మాట. ఊరికే ఇంట్లో ఉండి ఉంటే ఇంకో పదేళ్ళు ఉండేదని ఒకరు, విమానం ఎక్కినప్పుడే గుండె దెబ్బతిన్నదని ఇంకొకరు. ఈ చెప్పేవాళ్ళలో సగం మంది బస్టాండు దాకా పోవాలన్నా ఆటో పిలిచేవాళ్ళు. నేను ఈ నాలుగు మాటలు రాస్తున్నది ఆమెను పొగడడానికి కాదు. పొగిడితే ఆమెకు ఒళ్ళు మండేది. ఆ తీర్పును నేను ఒప్పుకోనని చెప్పడానికి రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. ఆమె మా పక్కింటావిడ. ఏ.ఎన్.ఎమ్.గా, అంటే పల్లెలు తిరిగి టీకాలు వేసి కాన్పులు చూసే నర్సుగా చేసి రిటైరైంది. ఊరంతా నర్సమ్మ అనేది, నేనూ అంతే. ఉద్యోగమంతా గుమ్మఘట్ట దిక్కు పల్లెల్లో గడిచింది. అక్కడ ఒక ఊరు తెలుగు మాట్లాడితే పక్క ఊరు కన్నడం మాట్లాడుతుంది. ఆమె రెండింట్లోనూ సమానంగా తిట్టగలదు. భుజాన టీకాల పెట్టె, అందులో ఐసు, అది కరిగేలోపల ఊరు చేరాలి, ఆ ఊరికి బస్సుండదు. పెళ్ళైన కొత్తల్లోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. బత్తలపల్లెలో ఒక తమ్ముడున్నాడు. చిన్నప్పుడే తల్లి పోతే అతన్ని ఈమే పెంచింది. రిటైరయ్యాక కళ్యాణదుర్గంలో మా గోడ పక్క ఇంట్లోకి వచ్చింది. నేను ఆడవాళ్ళ బట్టలు కుడతాను, మా ఇంటాయనకు వెల్డింగ్ అంగడి. మేం ముస్లింలం. రంజాన్‌కు మా ఇంట్లో సేమ్యా పాయసం పొంగితే ముందు గిన్నె గోడ మీద నుంచి ఆమెకే పోయేది, తీపి తక్కువైందన్న ఫిర్యాదు కూడా గోడ మీద నుంచే వచ్చేది.

రిటైరైనవాళ్ళు కూర్చోవాలని ఎవరు పెట్టారో గాని, ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. బస్సులో ఎక్కడికి పోయినా దిగాల్సిన చోటుకు ఒక స్టాపు ముందే దిగిపోయేది. నేను వెంట ఉంటే నన్నూ దించేది. ఎందుకని గొణిగితే, బస్సులో పోతే ఊరు మనల్ని చూస్తాది గాని మనం ఊరిని చూస్తామా అనేది. కాళ్ళకు మగవాళ్ళ తోలు చెప్పులు. బస్టాండు దగ్గరి చెప్పులు కుట్టే ఆయన ఆమె కోసమే అడుగున ఇంకో తోలు వేసి కుట్టేవాడు. ఆడవాళ్ళకు అమ్మే చెప్పులు కూర్చోవడానికి చేసినవని ఆమె అభిప్రాయం. నేను రోజంతా మిషన్ తొక్కే మనిషిని, కాళ్ళు ఆడుతూనే ఉంటాయి గాని ఎక్కడికీ పోవు. ఆ మాట ఆమెతో ఒకసారి అన్నాను. అంతే, మర్నాటి నుంచి పొద్దున్నే గోడ మీద చేత్తో కొట్టి లేపడం మొదలుపెట్టింది.

కొత్త ఊరికి పోతే ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ముందు నీళ్ళు ఎక్కడ పట్టుకుంటున్నారో చూడాలి. తర్వాత చెత్త ఎక్కడ పోస్తున్నారో చూడాలి. గుడి, కోట, బజారు అన్నీ ఆ తర్వాతే. ఆ రెండూ చూస్తే ఆ ఊర్లో ఆడవాళ్ళు ఎట్లా బతుకుతున్నారో సగం తెలిసిపోతుందని చెప్పేది. నేను నవ్వేదాన్ని. ఇప్పుడు ఏ ఊరికి పోయినా నా కళ్ళు కొళాయి కోసమే వెతుకుతున్నాయి, ఏం చేసేది.

గుండె సంగతి దాచిపెట్టింది కాదు. ఆయాసం వస్తుంటే అనంతపురం తీసుకుపోయాం. డాక్టర్ గదిలో ఆమె, ఆమె తమ్ముడు, నేను, ముగ్గురం ఉన్నాం. గుండె బలహీనంగా ఉంది, మందులు తప్పకుండా వేసుకోండి, నడిచేటప్పుడు ఆగి ఆగి నడవండి, ఆయాసం వస్తే కూర్చోండి అన్నాడాయన. తమ్ముడు వెంటనే, అయితే నడక మానేయమంటారా అని అడిగాడు. డాక్టర్ జవాబిచ్చేలోపల ఆమే అందుకుంది.

"నడిస్తే ఎన్నేండ్లు ఉంటా సార్, నడవకుంటే ఎన్నేండ్లు ఉంటా?"

అట్లా లెక్క చెప్పలేమమ్మా అన్నాడాయన.

"చెప్పలేనప్పుడు నడుస్తా" అని లేచి నిలబడింది.

డాక్టర్ నవ్వి, సరే, ఆగి ఆగి అన్నాడు. బయటికొచ్చాక తమ్ముడు మాత్రం, నడవొద్దని డాక్టర్ చెప్పాడు కదా అన్నాడు. మనిషికి ఏది భయమో అదే చెవిలో పడుతుంది. ఆయన చెడ్డవాడని నేను అనను. దినామూ పొద్దున అక్కకు ఫోన్ చేసేవాడు. ఫోన్ ఎత్తకపోతే నాకు చేసేవాడు. తల్లి పోయాక మిగిలిన తల్లి ఆమే అయినప్పుడు, ఆమె గడప దాటితే ఆయనకు గుండె దడ. ఆ దడ నిజమే. ఆ దడ కోసం ఆమెను కుర్చీకి కట్టేయాలనడమే నాకు పడదు.

ఇక వియత్నాం సంగతి. ఊరంతా దీని గురించే కదా మాట్లాడుతోంది.

మా ఊరి బయట ఒక రైతు శనక్కాయ వేసి వేసి విసిగిపోయి, ఆ పొలంలో డ్రాగన్ పండు పెట్టాడు. రాతి స్తంభాల మీదికి ఎగబాకి కిందికి వేలాడే ముళ్ళ మొక్క. మేం పొద్దున నడిచే దావ ఆ తోట పక్కనే. ఈ మొక్క ఎక్కడిదప్పా అని ఆమె అడిగితే, వియత్నాందంట, ఆడ సముద్రం ఒడ్డున ఊర్లకు ఊర్లే ఇదే పంట అన్నాడు రైతు. ఆమెకు అది పట్టుకుంది. జెముడు జాతి మొక్క నీళ్ళు లేని చోట బతకాలి గాని, సముద్రం పక్కన దానికేం పని? నిజానికి సముద్రం మీద ఆమెకు మోజేమీ లేదు. మద్రాసులో ఒకసారి చూసి, తాగడానికి పనికిరాని నీళ్ళు అన్నేల అని వచ్చేసిన మనిషి. ఆమె చూడాలనుకున్నది ఆ ఊరిని.

బెంగళూరు నుంచి తీసుకుపోయే టూరొకటి దొరికింది. తోడు నేను. మా ఇంటాయన, పో, నీ మిషన్ ఎక్కడికీ పారిపోదులే అన్నాడు. ఆమె తమ్ముడు మాత్రం వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె మళ్ళీ అనంతపురం పోయి, అదే డాక్టర్ను అడిగి, మందులు రెండింతలు కట్టించుకుని వచ్చింది. ఆ సంగతి ఇప్పుడు ఎవరూ చెప్పుకోరు.

విమానం దిగిన పెద్ద ఊరి నుంచి బస్సులో సముద్రం వైపు బయలుదేరాం. మొదట ఎటు చూసినా పచ్చదనం, కాలవలు, వరి. ఆమె మొహం ముడుచుకునే ఉంది. పోను పోను పచ్చదనం పలచబడింది. ఎర్ర నేల వచ్చింది, ముళ్ళ కంపలు వచ్చాయి, బక్క ఆవులు వచ్చాయి. ఆమె కిటికీకి అతుక్కుపోయింది. సందకాడ డ్రాగన్ పండు తోటలు కనపడ్డాయి. తోట తోటంతా వరసగా బల్బులు వేలాడుతున్నాయి. పూత రావడానికి రాత్రిపూట వెలుతురు పెడతారని టూర్ మేనేజర్ చెప్పాడు. చెట్లకు కూడా కరెంటా, మావాళ్ళకు మోటరుకే రాదే అని ఆమె అంత గట్టిగా అన్నది, ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగారు. ఫాన్ థియెట్ అనే ఆ ఊరు, ఆ దేశంలో వానలు బాగా తక్కువ పడే దిక్కున ఉందట. సముద్రం పక్కనే కరువు నేల. అది విన్నాక ఆమె సొంత ఊరికి వచ్చినట్టు కాళ్ళు చాపుకుని కూర్చుంది.

మర్నాడు టూరువాళ్ళ కార్యక్రమం ఇసుక దిబ్బలు. జీపుల్లో తీసుకుపోయి దిబ్బల మీద తిప్పుతారు. అందరూ టోపీలు పెట్టుకుని తయారయ్యారు. ఆమె రానన్నది. మేనేజర్ బెంగళూరు కుర్రాడు, మంచివాడే. అమ్మా, ఇక్కడికి వచ్చేదే దాని కోసం అని కన్నడంలో బతిమాలాడు. ఆమె కన్నడంలో మొదలుపెట్టి, కోపం వచ్చేసరికి తెలుగులోకి వచ్చింది.

"మా కణేకల్లు దిక్కు ఇసుక పొలాలకు పొలాలను మింగింది నాయనా. అదే ఇసుకలో టీకాల పెట్టె మోసినా. దాన్ని టికెట్టు కొని చూడాల్నా నేను?"

మీరు పోయి రండి, మేం ఊరు చూస్తాం అన్నది. మధ్యాహ్నం భోజనం కాగానే బస్సు బయలుదేరుతుంది, అప్పటికి హోటల్లో ఉండాలని అతను నాకు మూడు సార్లు చెప్పాడు. ఆమెకు చెప్పి లాభం లేదని అప్పటికే అర్థమైనట్టుంది.

ఆ పొద్దున మేం ఆ ఊరిని కాళ్ళతో చూశాం. పద్ధతి ప్రకారం ముందు నీళ్ళు, తర్వాత చెత్త. నీళ్ళు ఇంటింటికీ గొట్టాల్లో వస్తున్నాయి, చెత్త తెల్లారకముందే ఎత్తేస్తున్నారు, ఆమె తల ఊపింది. ఊరి మధ్యలో ఒక ఏరు సముద్రంలోకి పోతుంది. దాని మీద వంతెన. కింద ఒడ్డు కనపడనన్ని చేపల పడవలు, నీలం, ఎరుపు, పచ్చ. ప్రతి పడవ ముక్కు మీదా రెండు కళ్ళు గీసి ఉన్నాయి. ఆమె వంతెన గోడకు ఆనుకుని చాలా సేపు చూసింది. నిజానికి ఆయాసం వచ్చి ఆగింది. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకూ తెలుసు. ఇద్దరం పడవల కళ్ళ గురించి మాట్లాడుకున్నాం. ఇక్కడ మనుషులు దావ తప్పినా పడవే ఇల్లు చేరుస్తుందేమో అన్నది.

వంతెన దాటితే, వాళ్ళు అన్నంలోకి నంజుకునే చేపల ఊట ఊరబెట్టే వాడ. మనిషి ఎత్తు తొట్లలో చేపలూ ఉప్పూ వేసి నెలల తరబడి నిలవ ఉంచుతారు. ఆ వాసనకు నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. ఆమె నా చేతిని కిందికి లాగేసింది. వాళ్ళ అన్నం వాసన అది, ముక్కు మూసుకుంటే ఏమనుకుంటారు అని కసిరింది. అంతకంటే ఎక్కువ వాసన వచ్చే గదుల్లో కాన్పులు చేసిన మనిషి, ఆమెతో నాకు పోలికేంటి. చిన్న చిన్న ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కూర్చుని కాఫీ తాగుతున్నవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వారు. ఆమె అందరితోనూ కళ్యాణదుర్గం తెలుగులోనే మాట్లాడింది. బాగుండారా, ఈ దావ యాడికి పోతాది, ఈ కూర ఏం కూర. వాళ్ళు వాళ్ళ మాటల్లో జవాబిచ్చారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, ఎవరూ ఇబ్బంది పడలేదు. నేనే మధ్యలో సిగ్గుతో చచ్చాను.

అసలు కథ ఒక సందులో జరిగింది.

ఆ సందు పొడవునా వెదురు తడికెలు నిలబెట్టి ఉన్నాయి. వాటి మీద తెల్లగా, గుండ్రంగా, పలచగా ఏవో ఎండుతున్నాయి. మన బియ్యపు వడియాల పిండినే పెద్ద రొట్టెల్లా పరిచినట్టు. అప్పడాలు కదమ్మీ ఇవి అన్నది ఆమె. మనుషులెవరూ కనపడలేదు, ఇంటి వెనక నుంచి పొగ వస్తోంది. మేం సగం సందు దాటామో లేదో, తల మీద చినుకు పడింది. ఇంకొకటి. మబ్బు ఎప్పుడు కమ్మిందో చూడనేలేదు.

మా అనంతపురం నేల మీద పుట్టినవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. వాన కోసం ఏడాదంతా మొహం వాచి చూస్తాం, అది మాత్రం శనక్కాయ పీకి కళ్ళంలో ఆరబెట్టిన రోజే వస్తుంది. అప్పుడు దావలో పోయే ఎవరైనా సరే పరిగెత్తాలి. ఎవరి కళ్ళం అని అడగకూడదు. కొట్లాడుకుని మాటల్లేనివాళ్ళదైనా సరే, కాయంతా కుప్ప చేసి, పైన పట్ట కప్పి, అప్పుడు ఎవరి దావన వాళ్ళు పోవాలి. ఆమె అదే చేసింది. గుండె బలహీనంగా ఉన్న మనిషి, దేశం కాని దేశంలో, చెప్పులు టపటపా కొట్టుకుంటూ పరిగెత్తింది. ఆగమని నేను అరిచాను. చూస్తాండావేమి, పట్టుకో అని తిరిగి నన్నే అరిచింది. ఇద్దరం తడికెలు ఒక్కొక్కటీ ఎత్తి, పంచ కిందికి చేర్చి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, పక్కనున్న నీలం పట్ట కప్పేశాం.

శనక్కాయను కుప్ప చేస్తే బతుకుతుంది. బియ్యపు పిండిది కుప్ప చేస్తే చస్తుంది. అది మాకెట్లా తెలుస్తుంది.

ఇంటి వెనక నుంచి ఒకామె పరిగెత్తుకొచ్చింది, నర్సమ్మ వయసే ఉంటుంది. వెనకే ఆమె కూతురు. పట్ట తీసి పైతడికె ఎత్తింది. కింది అప్పడాలు దాంతోపాటు లేచి, సాగి, చినిగాయి. రెండోదీ అంతే. సగం తడిగా ఉన్నవాటిని మేం అదిమి పెట్టాం, అన్నీ ఒకే ముద్దగా అతుక్కుపోయాయి. తడికెలను పంచ కింద గోడకు నిలబెడితే సరిపోయేదని కూతురు సైగలతో చూపించింది. పైగా ఆ వాన మన వానలాంటిదే, నాలుగు చినుకులు రాల్చి వెళ్ళిపోయింది. ఆ ఇంటామె గడప మీద కూలబడి చినిగిన అప్పడాలను చూస్తూ ఉండిపోయింది. తెల్లారుజామున లేచి చేసిన పని అంతా. నేను నర్సమ్మ చెయ్యి పట్టుకుని, దండం పెట్టి పోదాం పదమన్నాను.

నర్సమ్మ చెయ్యి విడిపించుకుని పోయి, ఆ గడప మీదే ఆ ఇంటామె పక్కన కూర్చుంది.

"మా ఊర్లో వానొస్తే కుప్ప చేస్తామక్కా. అదే తెలుసు నాకు. చెడగొట్టినా, మళ్ళా చేసిస్తా. చేసేదాకా ఈడనుంచి లెయ్యను" అన్నది తెలుగులో.

కూతురు తల్లిని చూసింది, తల్లి ఈమెను చూసింది. ఆమెకు ఏం అర్థమైందో నాకు తెలియదు. కాసేపటికి లేచి లోపలికి నడిచింది, మేం వెంట పోయాం. మరిగే నీళ్ళ కుండ మూతికి బిగించి కట్టిన గుడ్డ, దాని మీద గరిటెడు పిండి పోసి గరిటె అడుగుతో గుండ్రంగా పరవడం, మూత పెట్టి తీసి వెదురు పుల్లతో ఎత్తడం. ఎత్తేది నేను చేశాను. పట్టుచీర అంచు చెదరకుండా పట్టే చేతులు కదా, రెండు చించి మూడోది కుదిరించాను. నర్సమ్మ వాటిని తడికెల మీద పరిచింది. ఆయాసం వచ్చినప్పుడల్లా కూర్చుంది, తగ్గాక లేచింది. డాక్టర్ చెప్పినట్టే, ఆగి ఆగి. నేను గడియారం చూపిస్తే, చూపించాకు, దానికి తిండి పెట్టాల్నా మనం అన్నది.

తడికెలు నిండేసరికి భోజనాల వేళ దాటిపోయింది. ఆ ఇంటామె చినిగిన ముక్కలను పారేయకుండా నిప్పుల మీద కాల్చి, పైన ఉల్లికాడలూ వేయించిన శనక్కాయ గింజలూ చల్లి మా ముందు పెట్టింది. నర్సమ్మ ముందు ఒక్క గింజ తీసి నమిలి, మన కాయంత తీపి లేదు అని నాకు మాత్రమే వినపడేటట్టు తీర్పు చెప్పింది. మిగతాదంతా తినేసింది. ఇద్దరు ముసలివాళ్ళూ చెరో భాషలో ఏదో చెప్పుకుంటూ నవ్వుకున్నారు. కూతురు మమ్మల్ని హోటల్ దాకా మోటార్ సైకిల్ మీద దింపుతానని సైగ చేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నర్సమ్మ ఆ పిల్ల చెంప నిమిరి, నడిచే వచ్చినాం, నడిచే పోతాం అన్నది.

బస్సు ఎండలో నిలబడి ఉంది, అందరూ లోపల కూర్చుని ఉన్నారు. ఆ చూపులు నేను ఇప్పటికీ మరచిపోలేదు. మేనేజర్ మొహం ఎర్రగా ఉంది. ఆమె మెట్టు దగ్గర ఆగి, ఆయాసం తీర్చుకుని, ఆలస్యం చేసినా నాయనా, నిజమే, తిట్టు, తిట్టినంక ఎక్కుతాం అన్నది. అతను తిట్టడం మొదలుపెట్టబోయి, ఆమె చేతుల నిండా ఎండిపోయిన బియ్యప్పిండి చూసి, ఎక్కండమ్మా అన్నాడు. బస్సు కదిలాక ఆమె మొహం చూశాను. చెమట, ధూళి, పిండి. అంత సంతోషంగా ఉన్న మనిషి మొహాన్ని నేను నా జన్మలో చూడలేదు. ఇది రాస్తుంటే నాకు ఏడుపొస్తోంది, రానీ.

తిరిగొచ్చాక ఆమె ఆ కథను దాచుకోలేదు. ఒక ఇంటి అప్పడాలన్నీ ఎట్లా నాశనం చేసిందో వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్వేది. అదే ఆమె మెడకు చుట్టుకుంది. పరిగెత్తిందన్న మాట తమ్ముడి చెవిన పడింది. ఆయన వచ్చి, బత్తలపల్లెకు వచ్చేయమని, ఒక గది సిద్ధం చేశానని చెప్పాడు. ఆమె రానన్నది. ఆయన ఏడ్చాడు. ఆమె ఆయన తల మీద చెయ్యి పెట్టి, పోయే పొద్దుకు పోతాలేరా, అంతవరకూ నన్ను తిరగనీ అన్నది. ఆ తర్వాత ఎనిమిది నెలలు తిరిగింది. డ్రాగన్ పండు రైతుకు బల్బులు పెట్టమని సలహా ఇచ్చి తిట్లు తినింది. ఆ ఎనిమిది నెలల్లో ఒక్క రోజూ మంచాన పడలేదు.

పోయిన రోజు తమ్ముడు వచ్చేసరికి పది దాటింది. అక్క కాళ్ళ దగ్గర కూర్చుని చాలా సేపు లేవలేదు. తర్వాత మట్టికి ఏర్పాట్ల మాట వచ్చింది. శ్మశానం ఊరికి దూరం, వ్యాను పిలిపించానన్నాడు. జీవితమంతా తిరిగి తిరిగి అలిసిపోయింది, ఇప్పుడైనా కష్టపెట్టకుండా పంపిద్దామన్నాడు. అంతవరకూ నేనూ ఊరుకున్నాను. అప్పుడు నా వైపు తిరిగాడు.

"ఆ దేశానికి తీసుకపోయినావు సూడు, ఆ పొద్దే మా అక్క సగం పోయినాది."

వాకిలి నిండా మనుషులు. మా ఇంటాయన నా మోచెయ్యి పట్టుకున్నాడు, వద్దని. నేను వినలేదు.

"ఆ పొద్దు మీ అక్క ఎట్లుండిందో నేను చూసినా అన్నా, నువ్వు చూడల్యా. డాక్టర్ రూములో నువ్వూ ఉండావు, నేనూ ఉండా. నడవొద్దనలేదు ఆయన. ఆగి ఆగి నడవమన్నాడు, అట్లే నడిచింది. నడిచినందుకు పోలేదు మీ అక్క. నడిచినందుకే ఇన్నాళ్ళు ఉండింది. ఆమెను వ్యానులో ఎయ్యొద్దు."

నడిచినందుకే ఇన్నాళ్ళు ఉందని నాకు మాత్రం ఏం తెలుసు? నేను టైలర్ని. కాని ఆయన మాటకు ఎంత ఆధారముందో నా మాటకూ అంతే ఉంది. రెండింట్లో ఆమె ఏది ఒప్పుకునేదో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆయన అక్క పాదాల మీది గుడ్డ సరిచేశాడు. తర్వాత లేచి, బయట నిలబడిన వ్యాను డ్రైవరుకు పొమ్మని చెయ్యి ఊపాడు. మా ఇంటాయనా, వెల్డింగ్ అంగడి పిల్లలూ పాడె కట్టడానికి వెదుర్లు తేను పోయారు.

మట్టికి ఆడవాళ్ళు పోరు. వాళ్ళింట్లో పోరు, మా ఇంట్లోనూ పోరు. ఆ ఒక్క విషయంలో రెండు మతాలకూ మంచి స్నేహం. వీధి చివర బోరింగు దాకా వచ్చి, అక్కడ ఏడ్చి, తల మీద నీళ్ళు పోసుకోవడానికి ఇంటికి తిరిగిపోవాలి. తమ్ముడు కుండ పట్టుకుని ముందు నడుస్తున్నాడు, వెనక ఆమె నలుగురి భుజాల మీద. బోరింగు వచ్చింది. ఆడవాళ్ళు ఆగారు.

నేను ఆగలేదు. ధైర్యంతో కాదు, కాళ్ళు ఆగలేదు అంతే. ఎవరో పెద్దాయన, యాడికమ్మా అన్నాడు. నర్సమ్మతో అన్నాను. కొంత దూరం ఒంటరిగానే నడిచాను, చెవులు ఎర్రగా కాలుతున్నాయి. ఎండ, ఎర్ర దుమ్ము, దావకు రెండు పక్కలా వాన కోసం దున్నిపెట్టిన పొలాలు. తర్వాత వెనక చెప్పుల చప్పుడు వినపడింది. పూలమ్మే ఆమె. ఆమె వెనక ఇంకో ఇద్దరు. వాళ్ళ వెనక, గుమ్మఘట్ట దిక్కు పల్లె నుంచి కబురు విని వచ్చిన ఒక ముసలామె, చేతికర్ర దావ మీద కొట్టుకుంటూ, ఎగపోసుకుంటూ వస్తోంది.

కుండ పట్టుకున్న మనిషి వెనక్కి తిరిగి చూడకూడదంటారు. తమ్ముడు చూడలేదు. కాని ఆ కర్ర చప్పుడు ఆయనకు వినపడే ఉంటుంది. ముసలామె మాకు అందేదాకా ఆయన అడుగులో అడుగు వేస్తూ, ఆగి ఆగి నడిచాడు.